గుఱుతులును గోష్ఠులును

అంతర్జాలమున పలువురు కూడి ఒక విషయమును ముచ్చటించుకొనుటకు రెండు మార్గములు వాడుకలో నున్నవి. వ్రాసిన వాక్యములో ఒక పదమునకు ముందు, రెండు నిలువు గీతలును రెండు అడ్డుగీతలును గల చిహ్నము నుంచి లోకము మీదికి విడిచిపెట్టుట మొదటి మార్గము. ఆ పదమును వెదకువారికి ఆ వాక్యము దొరకును. దీనిని హ్యాష్‌ట్యాగు అందురు. ఈ ప్రసంగములో నేను గుఱుతు అని వ్యవహరించెదను. ఒక పేరును, ఒక నెలవును, సభ్యుల పట్టికయు, కాపరియు గల సభకు మాటను పంపుట రెండవ మార్గము. దానిని గ్రూపు అందురు. గోష్ఠి యను చక్కని మాట మనకుండగా వేఱొకటి యేల? ఏ యొక్క యజమానికిని చెందక, వేలకొలది చిన్న సర్వర్లు తమలో తాము ఉత్తరప్రత్యుత్తరములు నడుపుకొను వికేంద్రీకృత సామాజిక మాధ్యమములు వచ్చిన పిదప, గుఱుతులను విడిచి గోష్ఠులను పట్టవలెనను వాదము బలపడినది. ఆ వాదములో పస యెంత యున్నదో తెలియవలెనన్న, ఈ రెండును పుట్టిన క్రమమును చూడవలసి యున్నది.

నల్లబల్ల మీద సంధిసూత్రములు వ్రాసి జీవితము గడపిన పంతులు ఈ సంగతి ముచ్చటింపనేల యని కొందఱు నవ్వుకొనవచ్చును. పదమునకు అర్థము చెప్పుటయు, పదములను వర్గములుగా కూర్చుటయు మా వృత్తి. ఈ వివాదమంతయు ఆ రెండు పనులను గుఱించినదే గదా!

గోష్ఠి ముందు పుట్టినది. 1979లో అమెరికా దేశములోని డ్యూక్ విశ్వవిద్యాలయమున టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అను విద్యార్థులు ఒక యోచన చేసిరి. ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటరు టెలిఫోను తీగ మీద మఱియొక విశ్వవిద్యాలయపు కంప్యూటరును పిలిచి, తన యొద్దకు చేరిన క్రొత్త లేఖలను అప్పగించి, దాని యొద్ద నున్న వానిని తాను తీసికొనవలెను. అది మూడవదానికి, మూడవది నాల్గవదానికి అందింపవలెను. పొరుగుననున్న ఛాపెల్ హిల్ విశ్వవిద్యాలయము నుండి స్టీవ్ బెలొవిన్ తోడుపడెను. 1980 నాటికి ఇది యూజ్‌నెట్ అను పేర నడువ నారంభించెను. దీనికి కేంద్ర కార్యాలయము లేదు, స్వామి లేడు. ఊరినుండి ఊరికి వార్త ప్రాకినట్లు లేఖలు ప్రాకెడివి.

ప్రతి లేఖయు ఏదో యొక గోష్ఠికి చేరవలసినదే. గోష్ఠి పేరు అన్ని సర్వర్లలోను ఒక్కటే. గోష్ఠులు పెరిగి గందరగోళము కాగా, 1986, 1987 సంవత్సరములలో వానినన్నింటిని ఏడు శాఖలుగా దిద్దిరి. కంప్యూటర్లు, విజ్ఞానశాస్త్రము, వినోదము, సంఘము, వాదోపవాదములు, ఆ వ్యవస్థకు చెందిన వార్తలు, ఏ శాఖకును చెందనివి - ఇవి ఆ యేడు. అమరసింహుడు స్వర్గవర్గము, భూమివర్గము, వనౌషధివర్గము అని పదములకు ఇండ్లు కట్టిన తీరు ఎఱిగినవారికి ఈ పని క్రొత్తగా తోచదు. ఏ వర్గములోను ఇముడని పదములు ఆయనకును మిగిలినవి.

ఈ శాఖలలో క్రొత్త గోష్ఠి నెలకొల్పవలెనన్న ఒక్కరి యిచ్ఛ చాలెడిది కాదు. ముందు చర్చ జరుగవలెను; పిదప ఓట్లు తీయవలెను. అనుకూలముగా వచ్చిన ఓట్లు ప్రతికూలమైన వానికంటె నూఱైనను ఎక్కువ యుండవలెను. మొత్తములో మూడింట రెండువంతులకు తగ్గరాదు. ఈ నిర్బంధము గిట్టనివారు 1987లోనే వేఱు శాఖ యొకటి పెట్టుకొని, అందు ఇచ్చవచ్చినట్లు గోష్ఠులు తెఱచిరి. స్వేచ్ఛాపరులును క్రమపరులును ఒక యింట ఇముడకుండుట నాటినుండియు ఉన్నదే.

సంఘశాఖలో సంస్కృతి యను కొమ్మ, ఆ కొమ్మకు భారతీయమను రెమ్మ, ఆ రెమ్మకు తెలుగు గోష్ఠియు ఏర్పడెను. అమెరికాలోని విశ్వవిద్యాలయములలో చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచునున్న మనవారు 1990 తరువాతి సంవత్సరములలో ఇందు చేరి సాహిత్యము, వ్యాకరణము, సినిమాలు, రాజకీయములు చర్చించుకొనిరి. తెలుగు లిపి అప్పటి తెరల మీద వచ్చుట దుర్లభము. కావున టెక్సాస్ రాష్ట్రములోని రైస్ విశ్వవిద్యాలయము పేర వెలసిన లిప్యంతరీకరణ పద్ధతి ననుసరించి, పెద్ద చిన్న రోమను అక్షరములతో అచ్చులకును హల్లులకును భేదము చూపుచు తెలుగు వ్రాసిరి. లిపి పరాయిదైనను భాష మనదే. ఒకరినొకరు ఎన్నడును చూడని వారు ఆ గోష్ఠి పేరు చూచి వచ్చి పరిచితులైరి. పేరు గల చోటు ఒకటి లేనిదే ఇది యెట్లు జరుగును?

ఇక గుఱుతు యొక్క కథ. 1988లో ఫిన్లాండు దేశపు ఊలు విశ్వవిద్యాలయములో యార్కో ఓయికరినెన్ అను నతడు ఐఆర్‌సి యను పద్ధతిని కల్పించెను. యూజ్‌నెట్ ఉత్తరములు వ్రాసికొనుట వంటిదైన, ఇది ఎదురెదుర కూర్చుండి మాటలాడుట వంటిది. ఇందును పెక్కు సర్వర్లు ఒకదానితో నొకటి కలిసి యుండును. మాటలాడు గదులకు ఛానెళ్లని పేరు. 1993 మే నెలలో వెలువడిన దాని నియమపత్రమును చూచినచో ఒక వింత కానవచ్చును. ఒక్క సర్వరులోనే యుండు గది పేరునకు ముందు, ఆంగ్లములో 'మఱియు' అనుటకు వాడు వంకరచిహ్నము నుంచవలెను. సర్వర్లన్నింటను వ్యాపించు గదికి మన నిలువు గీతల, అడ్డుగీతల చిహ్నము నుంచవలెను. అనగా, నేడు గుఱుతునకు వాడు ఆ చిహ్నమే ఆనాడు గోష్ఠికి సంకేతము! దానికి ద్వారముండెను, ద్వారమునకు కాపరి యుండెను. మొదట ప్రవేశించిన వాడే కాపరి. తుంటరిని వెడలగొట్టు అధికారము అతనికి గలదు. కడపటి మనుష్యుడు లేచిపోయిన క్షణమున ఆ గది మాయమగును.

ట్విట్టరు 2006లో ఆరంభమయ్యెను. ఒక్కొక్క మాటకు 140 అక్షరముల మితి. అందఱును ఒకే వీథిలో నిలుచుండి కేకలు వేయుచున్నట్లుండుటచే, గోష్ఠులు కావలెనని వాడుకరులు అడుగుచుండిరి. 2007 ఆగస్టు 23వ తేదీన క్రిస్ మెస్సీనా యను నతడు, గోష్ఠుల కొఱకు ఈ చిహ్నమును వాడినచో ఎట్లుండునని ఒక చిన్న ప్రశ్న వేసి, బార్‌క్యాంప్ అను సమావేశము పేరును ఉదాహరణముగా చూపెను. రెండు దినముల తరువాత వ్రాసిన దీర్ఘలేఖలో తన యూహను విప్పి చెప్పెను. ఐఆర్‌సి ఛానెళ్ల నుండి చిహ్నమును గ్రహించిన సంగతిని దాచలేదు. అయితే సభ్యత్వము, అనుమతి, నిర్వహణము అను బరువులు వలదని అతని మతము. ఎవరు కావలసిన నెవరైనను ఎప్పుడైనను చిహ్నము పెట్టవచ్చును, తీసివేయవచ్చును. ఈ విధముగా గోష్ఠి కోరినవారికి గుఱుతు లభించెను. గది పోయి గదిమీది పలక మిగిలెను.

ఆ పలక వ్యర్థమని నేను చెప్పను. ఆ సంవత్సరము అక్టోబరులోనే కాలిఫోర్నియాలోని శాన్ డియేగో ప్రాంతమున అడవులు తగులబడినప్పుడు, ఏ వీథి ఖాళీ చేయవలెనో, మంట యెటు పోవుచున్నదో జనులకు తెలుపుటకు ఒక గుఱుతు మిక్కిలి యుపకరించెను. ఇల్లు కాలుచున్నప్పుడు సభ్యత్వము పుచ్చుకొని రమ్మనుట తగునా? 2009 జూలైలో ట్విట్టరువారు గుఱుతులన్నింటిని నొక్కిన వెంటనే వెదకునట్లు చేసిరి. దానితో అది లోకవ్యాప్తమైనది.

కాని పలకకు కాపరి లేడు. 2020 జూన్ 2వ తేదీన అమెరికాలో నల్లజాతివారి ప్రాణములకై జరుగుచున్న ఉద్యమమునకు సానుభూతిగా లక్షలాది జనులు ఇన్‌స్టాగ్రాములో నల్లని చతురస్రములను ప్రకటించిరి. వారిలో పెక్కుమంది ఆ యుద్యమము పేరిటి గుఱుతునే తగిలించిరి. ఊరేగింపు ఎక్కడ, గాయపడినవారికి సహాయ మెక్కడ అని ఆ గుఱుతును నమ్ముకొని వెదకినవారికి నల్లని పలకలు తప్ప మఱేమియు కానరాలేదు. శత్రువులు చేసిన పని కాదది, మిత్రులు చేసినదే. వలదని చెప్పుటకు ఉద్యమకారులు బ్రతిమాలుకొనవలసి వచ్చెను. గుమ్మమువద్ద నాపగల వారెవ్వరును లేరు.

వికేంద్రీకృత మాధ్యమములలో గుఱుతునకు ఇంకొక చిక్కు కలదు. ఇది యంత్రము యొక్క పనితీరునకు చెందినది గావున కొంచెము నిదానముగా వినవలెను. ట్విట్టరు వంటి చోట అన్ని మాటలును ఒక్క సంస్థ పుస్తకములో నుండును. గుఱుతును వెదకిన ఆ పుస్తకమంతయు వెదకినట్లే. 2016లో జర్మనీలో ఓయ్‌గెన్ రోష్కో ఆరంభించిన మాస్టొడాన్ వంటి వానిలో అట్టి పుస్తకము లేదు. ప్రతి సర్వరునకును దాని చిట్టా దానిదే. ఆ సర్వరులోని వారు ఎవరెవరిని అనుసరించుచున్నారో వారి మాటలే ప్రధానముగా ఆ చిట్టాకెక్కును. కావున లక్షమంది యున్న సర్వరులో ఒక గుఱుతును వెదకినవానికి వందల మాటలు దొరకిన, ఇరువదిమంది యున్న సర్వరులో అదే గుఱుతును వెదకినవానికి మూడు దొరకవచ్చును. ఇద్దఱును తాము చూచినదే సమస్తమనుకొందురు. ఒక సర్వరునుండి మఱియొక సర్వరునకు మాటలను మోసికొనిపోవు రిలేలను కొందఱు నడుపుచున్నారు. అవి కొంత లోటు తీర్చినను చిన్న సర్వర్ల మీద మోయరాని బరువును మోపును.

గోష్ఠికి ఈ చిక్కు లేదు. గోష్ఠి తానే ఒక వ్యక్తివలె విలాసము గలది. ఎవరైనను దానికి మాట పంపినచో అది చాటింపు వేసి, తన్ను అనుసరించు వారందఱికిని ఆ మాటను చేర్చును. పెద్ద సర్వరులోని సభ్యునకును చిన్న సర్వరులోని సభ్యునకును ఒకే మాట అందును. 2018 జనవరి 23న వరల్డ్ వైడ్ వెబ్ సంఘము ఆమోదించిన యాక్టివిటీపబ్ అను ఒడంబడికతో పాటు సాగు పదకోశములో, మాట పంపగల కర్తలు ఐదు విధములుగా చెప్పబడిరి. వ్యక్తి, సంస్థ, సేవ, అప్లికేషను అను నాల్గింటి సరసన గోష్ఠియు నున్నది. కోశములో పదమున్నంత మాత్రమున వాడుకలోనికి వచ్చునా? కొంతకాలము అది కోశములోనే యుండెను.

మన భాషనుబట్టి చూచినను గుఱుతులో కొఱత కలదు. ఈ సంగతి పాశ్చాత్యులు అంతగా పట్టించుకొన్నట్లు లేదు. వారి భాషల స్వభావము వేఱు. యంత్రమునకు గుఱుతు ఒక అక్షరపంక్తి మాత్రమే. ఒక రైతు 'వరి' అని గుఱుతు పెట్టును. ఇంకొకడు 'వరిసాగు' అనును. వేఱొకడు 'వరిపొలములు' అనును. నాల్గవవాడు వాక్యములో కలిపి 'వరిలో' అనును. నలుగురును మాటలాడుచున్నది ఒక్క పైరును గుఱించియే. యంత్రమునకు సమాసమును తెలియదు, విభక్తియు తెలియదు. కావున నలుగురును నాలుగు వేఱు గదులలో కూర్చుండి తమకు తోడెవ్వరును లేరనుకొందురు. హైదరాబాదు పేరు తుదను ఉకారమున్న నొక గుఱుతు, పొల్లున్న నింకొకటి! ఇక దీనికి విపర్యయము: 'పాట' యని వెదకినవానికి త్యాగయ్య కీర్తనయు దొరకును, చేపలచెఱువు వేలముపాటయు దొరకును. అమరకోశములో హరి శబ్దమునకు విష్ణువు, సింహము, గుఱ్ఱము, చిలుక, పాము, కోతి, కప్ప మొదలుగా పదికి మించిన యర్థములున్నవి. అమరసింహుడు అట్టి పదములకై నానార్థవర్గమని వేఱుగా నొకటి పెట్టెను. ఏ యర్థము గ్రహింపవలెనో ప్రకరణమును బట్టి తెలియునని మా గురువులు చెప్పెడివారు. గోష్ఠి యనునది ఆ ప్రకరణమే. రైతుల గోష్ఠిలో ఎవరు ఏ రూపమున చెప్పినను వరి వరియే.

గుఱుతు పక్షమున న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. మాస్టొడాన్‌లో చాలకాలము ఇతరుల మాటలను ఆమూలాగ్రముగా వెదకు సౌకర్యము బుద్ధిపూర్వకముగానే పెట్టలేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన కూర్పులో, ఒప్పుకొన్నవారి మాటలను మాత్రము వెదకనిచ్చిరి. అందుచేత గుఱుతు పెట్టుటయే 'నా మాట అపరిచితులు చూడవచ్చును' అను అనుమతిగా నుండెను. గుఱుతు పెట్టనివాడు తన ముంగిట మాటలాడుకొనుచున్నట్లే. ఈ మర్యాద నాకు నచ్చినది.

గోష్ఠులను వికేంద్రీకృత మాధ్యమములలో పెట్టవలెనని తలచినవారు లేకపోలేదు. కెనడాలోని మాంట్రియల్ నగరవాసి యివాన్ ప్రొడ్రోము 2008 జూలైలో ఐడెంటికా యను మాధ్యమమును స్థాపించెను. అందు గోష్ఠికి మాట పంపదలచినవారు దాని పేరునకు ముందు ఆశ్చర్యార్థక చిహ్నము నుంచెడివారు. గుఱుతునకు ఒక చిహ్నము, గోష్ఠికి వేఱొక చిహ్నము. తేడా స్పష్టము. 2013లో ఆ మాధ్యమము వేఱు సాఫ్టువేరునకు మాఱగా అచటి గోష్ఠులు ఆగిపోయినవి. పాత సాఫ్టువేరు గ్నూ సోషల్ అను పేర బ్రదికెను. తరువాత వచ్చిన మాస్టొడాన్ దానితో మాటలాడగలిగినను, దాని గోష్ఠులను గ్రహింపక గుఱుతులను మాత్రము గ్రహించెను. ఫ్రెండికా వంటి మాధ్యమములలోని సభలు, పేరు వ్రాసినంతనే గోష్ఠిని పుట్టించి మాటలను మరల చాటు గప్పే వంటి సేవలు, ఆ లోటును కొంత పూరించినవి.

లెమ్మీ యనునది గోష్ఠియే ప్రధానముగా వచ్చినది. 2020లో దాని సర్వర్లు ఒకదానితో నొకటి మాటలాడ నేర్చినవి. గోష్ఠి విలాసమునకు మొదట ఆ పాత యాశ్చర్యార్థకమే! 2023లో రెడ్డిట్ సంస్థ, తన గోష్ఠులకు బయటివారు చేసిన అప్లికేషనులపై పెద్ద రుసుము విధింపగా, జూన్ 12న వేలకొలది గోష్ఠుల కాపరులు నిరసనగా తలుపులు మూసిరి. అచటివారు పలువురు లెమ్మీ సర్వర్లకు వచ్చి చేరిరి. వచ్చిన వరదకు తట్టుకొనలేక బీహా అను సర్వరువారు, ఆ నెలలోనే, ఎవరినైనను చేర్చుకొనుచున్న రెండు పెద్ద సర్వర్లతో సంబంధము త్రెంచుకొనిరి. తమ కాపరులు కొద్దిమంది, వచ్చువారు అసంఖ్యాకులు అని వారు చెప్పిన కారణము. వారిని నిందించినవారును కలరు. 1994 ఏప్రిల్ 12న ఇద్దఱు న్యాయవాదులు యూజ్‌నెట్‌లోని వేలకొలది గోష్ఠులలో ఒకే ప్రకటనను కుమ్మరించిన సంగతి ఎఱిగినవారు నిందింపరు. కాపరి లేని గోష్ఠి గుఱుతుతో సమానమని ఆనాడే తేలినది.

ఇక గోష్ఠులకు గల అపాయము. యాహూ సంస్థ నీడలో కోట్లకొలది జనులు గోష్ఠులు నడపిరి. తెలుగు సాహిత్యచర్చకు పేరొందిన రచ్చబండయు అచటనే పెరిగినది. 2019 డిసెంబరులో ఆ సంస్థవారు గోష్ఠుల వెనుకటి సంభాషణలను వెబ్‌సైటునుండి తొలగింప మొదలిడిరి. 2020 డిసెంబరు 15న గోష్ఠులనే మూసివేసిరి. నకలు తీసికొనినవారికి మిగిలినది, లేనివారికి పోయినది. ఒక భాషలో వాదించుకొనిన మాటలకు గ్రంథములతో సమానమైన విలువ యుండును. నూఱేండ్లకు పిమ్మట నిఘంటుకారుడు వెదకునది ఆ మాటలనే. అవి ఒక కంపెనీ లెక్కలలో బరువైనందున పోవుట నాకు కష్టముగా నున్నది.

యూజ్‌నెట్ గోష్ఠికి ఇట్టి గతి లేదు. దానికి నెలవనునది ఏ యొక్క సర్వరు కాదు. 2010 మే 20న, దానిని పుట్టించిన డ్యూక్ విశ్వవిద్యాలయమే తన యూజ్‌నెట్ సర్వరును మూసివేసినను, ఇతర సర్వర్లలో గోష్ఠులు నడచుచునే యుండెను. గూగుల్ సంస్థ 2024 ఫిబ్రవరి 22 నుండి క్రొత్త లేఖలను పుచ్చుకొనుట మానినను అంతే. లెమ్మీ గోష్ఠి అట్టిది కాదు. అది పుట్టిన సర్వరే దాని యిల్లు. 2023 జూలైలో ఆఫ్రికాలోని మాలి దేశమువారు తమ దేశనామముతో ముగియు విలాసములను తమ స్వాధీనము చేసికొనగా, ఆ విలాసము పెట్టుకొనిన లెమ్మీ సర్వరొకటి తన పేరును కోల్పోయెను. అచటి గోష్ఠులలో అంతవఱకు వ్రాసిన మాటలు పొరుగు సర్వర్లలో నకళ్లుగా నిలిచియే యున్నవి, చదువుకొనవచ్చును. వానికి క్రిందుగా బదులు వ్రాయుటకును వీలున్నది. కాని ఆ బదులు వ్రాసినవాని సర్వరును దాటి పోదు, చాటింపు వేయువాడు లేడు గనుక.